అక్షరం లేని రాళ్ళు

సమాధుల మిట్టను బాగుచేయడానికి కమిటీ ఒకటి ఏర్పడిందని తెలిసిన రోజున మేస్త్రి నవ్విన నవ్వు వీధి చివరిదాకా వినబడింది. రెండు వందల ఏళ్ళుగా అక్కడివాళ్ళు ఎవరి సాయమూ లేకుండా హాయిగా పడుకున్నారు, ఇప్పుడు వీళ్ళు వెళ్ళి జోల పాడతారు కాబోలు అన్నాడు. అన్నాడే గాని, మర్నాడు పొద్దున్నే ఉలులన్నీ నూరి సంచిలో సర్దుకున్నాడు. పాత రాయిని విరగకుండా లేపగలిగినవాడు, రాతి మీద అక్షరం చెక్కగలిగినవాడు ఆ చుట్టుపక్కల తనొక్కడే. ఆ సంగతి ఊరికి తెలుసు. ఊరికంటే ముందు మేస్త్రికి తెలుసు.

పనిమంతుడే, కాదనడానికి లేదు. ఆయన చెక్కిన అక్షరం చూస్తే చచ్చినవాడి మీద అసూయ పుడుతుంది. ముఖ్యంగా కొమ్ము చెక్కినప్పుడు దాని చివర చిన్న వంపు ఒకటి తిప్పుతాడు. ఆ వంపు చూసి ఇది ఫలానా మేస్త్రి పని అని పక్క ఊళ్ళలో కూడా చెప్పేస్తారు. నోరు మాత్రం మంచిది కాదు. పెదవి విరవనిదే మాట బయటికి రాదు. అందుకే వెనకాల అందరూ ఆయన్ని విరుపు మేస్త్రి అనేవాళ్ళు.

ఆయనా ఊరుకోలేదు, ఒక్కొక్కరికీ ఒక్కో పేరు తగిలించాడు. కమిటీ అధ్యక్షుడు ఉద్యోగం నుంచి దిగిపోయిన హెడ్మాస్టరు. ప్రపంచంలో ఏది చూసినా అది వంకరగా ఉందనే బెంగ ఆయనకి. ఆయన పేరు రూళ్ళకర్ర. కార్యదర్శి మందుల షాపు యజమాని. ఎవరు ఏ నీళ్ళతో వేసినా గొంతులోకి దిగిపోతాడని అతనికి మాత్ర అని పేరు. రాళ్ళు మోయడానికి పొరుగూరి నుంచి ఒక ఆడమనిషి కుదిరింది. నలభై దాటిన మనిషి, బలం బాగానే ఉంది గాని ఏ మాటైనా సగం నోట్లోనే ఉంచుకుంటుంది. ఆమె నసుగుడు. ముగ్గురికీ ఆ పేర్లు తెలుసు, ఎందుకంటే మేస్త్రి మొహం మీదే పిలిచేవాడు.

ఇంతకీ కమిటీకి ఇంత తొందరెందుకంటే, పురాతన స్థలాల జాబితా తయారవుతోంది. అధికారి ఒకామె వచ్చి మిట్టంతా కొలిచి పటం గీస్తుంది. జాబితాలో చేరిందంటే ఇక అక్కడ రోడ్డు వేయడానికి గాని, తవ్వడానికి గాని వీల్లేదు. కొత్తగా ఎవరినీ పాతిపెట్టడానికీ వీల్లేదు, ఒక్క మినహాయింపుతో. పటంలో గుర్తు పడిన సమాధి ఎవరిదైతే వాళ్ళ ఇంటి మనిషికి దాని పక్కన చోటు ఉంటుంది. గుర్తు పడనిది ఖాళీ నేల కిందే లెక్క.

ఈ నిబంధన విన్న దగ్గర్నుంచి మేస్త్రి అక్కకి నిద్ర లేదు. ఆమెకి డెబ్బై నాలుగేళ్ళు. ఆయనకంటే పన్నెండేళ్ళు పెద్ద. నలభై ఏళ్ళు దర్జీ పని చేసింది. ఇప్పుడు కిటికీ పక్క మంచం మీద నాలుగు దిండ్లు ఆనించుకుని కూర్చుంటుంది, పడుకుంటే ఊపిరాడదు. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి ఉంది. కొలతల టేపు మాత్రం అలవాటు కొద్దీ ఇంకా మెడలోనే వేలాడుతోంది. ఈ ఏడు దాటడం కష్టమని డాక్టరు తమ్ముడితో రహస్యంగా చెప్పాడు. అక్క అదే మాట అంతకు వారం ముందే తమ్ముడితో బాహాటంగా చెప్పింది.

"ఒరేయ్, నా రాయి జాగ్రత్త," అంది పని మొదలయ్యే రోజున.

"ఎన్నిసార్లు చెప్తావక్కా. గుమ్మడికాయంత గుండ్రాయి. విరిగిన స్తంభం నుంచి తూర్పుకి నీ టేపు ఏడుసార్లు, గోడ వైపు రెండుసార్లు. నిద్దట్లో లేపి అడిగినా చెప్తాను."

"చెప్తావు. చూస్తావా అని అడుగుతున్నా."

ఆ రాయి కింద ఆమె కొడుకున్నాడు. యాభై రెండేళ్ళ కిందట పుట్టి, ఆరు రోజులు బతికాడు. పేరు పెట్టుకుంది గాని అది ఏ రిజిస్టరులోకీ ఎక్కలేదు. అప్పట్లో ఉలి పట్టుకున్నది వాళ్ళ నాన్న. చిన్న రాయి మీద పేరు చెక్కి పెట్టు నాన్నా అని అడిగితే, ఆరు రోజుల వాడికి అక్షరాలెందుకన్నాడు. ఆ తర్వాత ఆమెకి మరి పిల్లలు కలగలేదు. భర్త ఏటి నీళ్ళలో పోయాడు, మనిషి దొరకలేదు. ఆమెకి ఈ భూమ్మీద తనదంటూ ఉన్న చోటు ఆ గుండ్రాయి పక్కనే.

"అది పటంలోకి ఎక్కకపోతే నన్ను తీసుకెళ్ళి బస్సు డిపో వెనకాల కొత్త శ్మశానంలో పెడతారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య. వాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు ఇన్నేళ్ళుగా. నేను వస్తానని చెప్పి పెట్టానురా."

"వస్తావులే. తొందరేముంది," అన్నాడు మేస్త్రి. ఆయన ప్రేమ కూడా పెదవి విరిచే బయటికొస్తుంది.

మిట్ట మీద మొదటి వారమంతా యుద్ధమే. నాచు పట్టిన రాళ్ళని ఆసిడ్ పోసి కడిగిస్తానన్నాడు హెడ్మాస్టరు. మాత్ర తల ఊపాడు, తన షాపులో ఆసిడ్ ఉంది కూడా.

"మీ పళ్ళు కూడా దాంతోనే తోముకుంటారా మాస్టారూ? నీళ్ళు, మెత్తటి కుంచె. ఇంకేదీ ఈ రాయికి తగలకూడదు."

పగుళ్ళకి సిమెంటు పెట్టిద్దామన్నాడు హెడ్మాస్టరు. సిమెంటు రాయికంటే గట్టిది, లోపల చెమ్మ బయటికి పోక నాలుగేళ్ళలో రాయే పెచ్చులూడి పడిపోతుంది, నానబెట్టిన సున్నమూ ఇసకా తప్ప ఇంకేదీ పనికిరాదు అని మేస్త్రి చెప్పాడు. చెప్పిన తీరు ఎలా ఉందంటే, హెడ్మాస్టరు ముప్పై అయిదేళ్ళు పాఠం చెప్పిన గొంతుతో ఒక్క మాట తిరిగి అనలేకపోయాడు. రాళ్ళన్నీ లాగి తిన్నని వరసలో నిలబెడితే చూడటానికి బాగుంటుంది కదా అన్నప్పుడు మాత్రం మేస్త్రి గునపం కింద పడేశాడు.

"మనిషి ఒకచోట, రాయి ఒకచోటా? మీ ముత్తాత రాయి తెచ్చి మా తాత నెత్తిన పెడతాను, సరేనా?"

హెడ్మాస్టరు ముత్తాతది మిట్టలోకెల్లా పెద్ద రాయి. ఏడడుగులు ఉంటుంది, తుఫానుకి పక్కకి ఒరిగి ఉంది. ఆ మాటతో వరసల ఆలోచన అక్కడే ఆగిపోయింది. చివరికి హెడ్మాస్టరుకి దక్కింది ఒక్క రోలరు. నేలైనా చదునుగా ఉండాలని దాన్ని తెప్పించి గడ్డి మీద అటూ ఇటూ దొర్లించుకున్నాడు. తగవులన్నీ గెలిచాననుకున్న మేస్త్రి దాన్ని దానం కింద వదిలేశాడు.

ఒరిగిన పెద్ద రాళ్ళు పదకొండు. ముక్కాలి నిలబెట్టి, గొలుసు కప్పీతో ఒక్కొక్కదాన్నీ లేపి, కింద గొయ్యి తవ్వి, రాళ్ళతో పునాది నింపి, సున్నం పోసి మళ్ళీ దించాలి. పునాదికి రాళ్ళు కావాలి. మిట్ట నిండా గడ్డిలో అక్కడొకటీ ఇక్కడొకటీ గుండ్రాళ్ళు పడి ఉన్నాయి, ఏటి నుంచి ఎవరో మోసుకొచ్చినట్టు.

"ఇవేంటి, అడ్డదిడ్డంగా?" అన్నాడు హెడ్మాస్టరు.

"రాళ్ళు మాస్టారూ. రాళ్ళని రాళ్ళంటారు."

"సమాధులేమో," అన్నాడు మాత్ర. అతను పుట్టాక సొంతంగా అన్న మొదటి మాట బహుశా అదే.

మేస్త్రి అతన్ని నెత్తి నుంచి పాదాల దాకా చూశాడు. "అక్షరం ఉంటే సమాధి. లేకపోతే గోడ కూలి దొర్లిన రాయి. ఉత్త రాయిని పటంలో ఏమని రాస్తారు, మాత్రగారి అనుమానం అనా? మా అక్కది ఒక్కటుంది, అది నేను చూసుకుంటాను. మిగతావి పునాదిలోకి."

మాత్ర తల ఊపాడు. అలవాటైన పని కదా.

నసుగుడు వరస వరసకీ రాళ్ళేరి కుప్ప పోసింది. ఏ వరస కుప్ప ఆ వరసలోని పెద్ద రాయి దగ్గర. రెండో రోజున ఒక రాయి ఒళ్ళో పట్టుకుని మేస్త్రి దగ్గరికొచ్చింది.

"మేస్త్రీ, దీనికి అడుగున... ఏవో గీతలు..."

"నసక్కుండా చెప్పు."

"గీతలున్నాయి. ఇంతకు ముందు దానికి కూడా..."

"గునపం తగిలితే గీతలు పడవా? నాగలి తగిలితే పడవా? గీతలు చదవడానికి నిన్ను పెట్టుకోలేదు, మోయడానికి పెట్టుకున్నాను."

ఆమె రాయి దించి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. మేస్త్రి సమ్మెట అందుకుని ఆ రాయిని రెండు చెక్కలు చేశాడు. గుండ్రాయి పునాదిలో నిలవదు, దొర్లుతుంది, పగిలిన అంచుంటేనే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇది వాళ్ళ నాన్న నేర్పిన పని. అందులో తప్పేమీ లేదు. పది రోజుల్లో ఒక్కో రాయినీ తన చేత్తోనే పగలగొట్టి, రసమట్టంలో బుడగ ఇసుమంత కూడా కదలకుండా పదకొండు పెద్ద రాళ్ళనీ నిలబెట్టాడు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

అక్క రాయి సంగతి ఆయనకి తొమ్మిదో రోజున గుర్తొచ్చింది. విరిగిన స్తంభం దగ్గర్నుంచి అడుగులు వేసుకుంటూ వెళితే అక్కడ రాయి లేదు, రోలరు తొక్కిన గడ్డి ఉంది. ఆసిడ్ గురించో, సిమెంటు గురించో తను హెడ్మాస్టరు మీద నోరు పారేసుకుంటున్న పూట ఆ వైపు ఖాళీ అయిపోయింది. చూస్తావా అని అక్క అడిగిన మాట చెవిలో తిరిగింది. సిగ్గేసింది. మేస్త్రికి సిగ్గు కొత్త, దాన్ని ఏం చేసుకోవాలో తెలియక ఒక ఉపాయం చేశాడు.

కుప్పల్లో చివరికి మిగిలిన గుండ్రాయి ఒకటుంది, గుమ్మడికాయంతే ఉంది. గుండ్రాయికీ గుండ్రాయికీ తేడా ఏముంటుంది? దాన్ని కడిగి, ఏడు టేపుల దూరంలో, గోడ వైపు రెండు టేపులు కొలిచి పెట్టాడు. పెట్టి ఊరుకుంటే ఏమయ్యేదో. నాన్న చెయ్యనన్న పని తను చేస్తే అక్క సంతోషిస్తుందనుకున్నాడు. రెండు రోజులు కూర్చుని ఆ రాయి పై భాగాన పిల్లవాడి పేరు చెక్కాడు. అంత బాగా ఆయన జన్మలో చెక్కలేదు. కొమ్ము చివర వంపు తిప్పుతున్నప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అబద్ధం మీద చెక్కుతున్నానన్న సంగతి ఆ రెండు రోజులూ ఆయనకి గుర్తే లేదు.

అధికారి రావడానికి ముందు రోజు మధ్యాహ్నం అక్క మిట్ట మీదికి వచ్చింది. మాత్ర తన కారులో గేటు దాకా తెచ్చాడు. అక్కణ్ణుంచి కుర్చీలో కూర్చోబెట్టి అతనొక పక్కా నసుగుడొక పక్కా మోశారు. మేస్త్రి ముందు నడుస్తూ రాయి ఎదురుగా కుర్చీ దింపించి, తడిగుడ్డతో అక్షరాలు తుడిచి పక్కకి జరిగాడు.

అక్క కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అక్షరాలు బాగున్నాయి," అంది.

మేస్త్రి ఛాతీ అంగుళం పెరిగింది.

"రాయి నాది కాదు."

"అదేంటక్కా, నీదే. నాచు తీసేశాను కదా, అందుకని వేరేగా కనబడుతోంది."

"తిప్పు."

"ఏంటి?"

"రాయి తిప్పరా. అడుగు చూపించు."

మేస్త్రి వంగి రాయిని దొర్లించాడు. అడుగున మట్టి ఎండి అంటుకుని ఉంది. అక్క చెప్పకుండానే నసుగుడు కొంగుతో దాన్ని తుడిచింది. మేకుతోనో దేనితోనో గీసిన మూడు వంకర అక్షరాలు, ఒక ఆడపిల్ల పేరు. దాని కింద పిట్ట బొమ్మ. ఒంటికాలి మీద నిలబడ్డ పిట్ట.

"నీళ్ళు మోసే ఆవిడ కూతురిది," అంది అక్క. "నాలుగేళ్ళ పిల్ల. జ్వరంతో పోయింది. పిట్టని వాళ్ళమ్మే గీసింది, ఆ పిల్లకి పిట్టలంటే ఇష్టమట. ఒరేయ్, నా కొడుకు పేరు తీసుకొచ్చి ఆ పిల్ల మీద చెక్కావా?"

మేస్త్రిది ఎంతమందినో మాటల్తో చితక్కొట్టిన నోరు, ఇప్పుడు నీళ్ళు నములుతోంది.

"అడుగున... అడుగునెందుకు రాశారు?"

"పైన రాయనిచ్చారా ఎవరైనా? పేరున్న రాయి పెట్టాలంటే పెద్దల సంతకం కావాలి. నాన్న దగ్గరికొచ్చి బతిమాలేవాళ్ళు. ఉత్తవాళ్ళకి అక్షరాలెందుకని పొమ్మనేవాడు. అందుకని ఏటి రాయి తెచ్చుకుని, అడుగున గీసుకుని, బోర్లించి పెట్టుకున్నాం. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడడిగావు?" అంది అక్క. ఊపిరి అందక కాసేపు ఆగింది. "అయినా నీకు కనబడాలని రాయలేదురా. వాడికి కనబడాలని రాశాను. వాడు కింద ఉన్నాడు కాబట్టి కింది వైపు రాశాను."

మేస్త్రి నసుగుడు వైపు చూశాడు. ఆమె కొంగుకంటిన మట్టి దులుపుకుంటోంది.

"నువ్వు చెప్పావు కదూ," అన్నాడు.

"చెప్పాను. నసుగుతున్నావన్నారు."

"మిగతావి ఏవి?" అంది అక్క.

మేస్త్రి చెయ్యెత్తి, నిటారుగా నిలబడ్డ పదకొండు పెద్ద రాళ్ళని చూపించాడు. అక్క వాటి వైపు చూసింది. తర్వాత మూలనున్న సమ్మెటని చూసింది. దర్జీ పని చేసిన మనిషి, దేనితో ఏది కత్తిరిస్తారో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

"పగలగొట్టావా?"

"గుండ్రాళ్ళు పునాదిలో నిలవవక్కా."

"పనిమంతుడివి," అంది ఆమె. జీవితంలో ఆ మాట ఎంతోమంది అనగా విన్నాడు మేస్త్రి. ఇంత అసహ్యంగా ఎవరూ అనలేదు. "నన్ను కిందికి తీసుకెళ్ళండి బాబూ," అంది మాత్రతో.

కుర్చీ గేటు దాటేదాకా మేస్త్రి అక్కడే నిలబడ్డాడు. తర్వాత ముక్కాలిని ఈడ్చుకెళ్ళి హెడ్మాస్టరు ముత్తాత రాయి మీద నిలబెట్టాడు. అక్క రాయి ఉండాల్సిన మూడో వరస కుప్ప పడింది దాని కిందే. గొలుసు బిగించేసరికి ఎవరు చెప్పారో ఏమో హెడ్మాస్టరు ఆయాసపడుతూ వచ్చాడు.

"ఏమయ్యా, మతి పోయిందా నీకు? రేపు పదింటికి ఆవిడ వస్తోంది."

"పోయింది మాస్టారూ. ఇప్పుడిప్పుడే తిరిగొస్తోంది."

"అది మా ముత్తాత రాయి."

"మీ ముత్తాత కింద తొమ్మిది మందున్నారు. వాళ్ళని ముక్కలు చేసి వాళ్ళ మీద నిలబెట్టాను. ఆయన కాసేపు పడుకుంటే ఆయనకేం కాదు. తప్పుకోండి, కాలి మీద పడుతుంది."

హెడ్మాస్టరు ఎర్రబడ్డాడు, కమిటీ అన్నాడు, తీర్మానం అన్నాడు, పోలీసులన్నాడు. ఇవన్నీ మాత్ర వైపు తిరిగి అన్నాడు, అతను తల ఊపుతాడని. కారు వెనక్కి తెచ్చి అప్పుడే మిట్టెక్కిన మాత్ర తల ఊపలేదు. చొక్కా చేతులు మడుచుకుని గొలుసు అందుకున్నాడు.

"ఆ రోజు నేనన్నాను, సమాధులేమో అని," అన్నాడు మేస్త్రితో.

"అన్నావు. నేను మనిషినై ఉంటే వినేవాణ్ణి."

చీకటి పడేలోగా ఆరు, మర్నాడు తెల్లవారాక అయిదు, పదకొండు పెద్ద రాళ్ళూ నేల మీదికి దిగాయి. సున్నం ఇంకా పూర్తిగా గట్టిపడలేదు, అదొక్కటే అదృష్టం. నసుగుడు గోతుల్లోకి దిగి ముక్కలు ఒక్కొక్కటే అందించింది. ప్రతి ముక్కా గీతలున్న వైపు కిందికే ఉంది. తను పగలగొట్టిన ముక్కల్ని గోతుల్లో పేర్చింది ఆమే. మేస్త్రి అది చూసి ఆమె వైపు చూశాడు.

"అవి ఎలా ఉంటే అలాగే పెట్టాను," అంది ఆమె. "ఎందుకో తిప్పబుద్ధి కాలేదు." ఈసారి మాట పూర్తిగా వినబడింది.

ముత్తాత గోతిలో ఆఖరున దొరికిన రెండు చెక్కలని మేస్త్రి ఒళ్ళో పెట్టుకుని కలిపాడు. విరిగిన ఉలితో గీసిన పేరు, అక్క కొడుకుది. అక్షరాలు చిన్నా పెద్దా, పంక్తి ఏటవాలు. ఆ పేరులో ఒక కొమ్ముంది. దాని చివర చిన్న వంపు ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. బడికి పోకముందు తనకి అక్షరాలు దిద్దించింది అక్క. వంటింటి గచ్చు మీద బొగ్గుముక్కతో. కొమ్ము చివర తోక తిప్పరా, అందంగా ఉంటుంది అనేది. ఊళ్ళూ ఊళ్ళూ మెచ్చుకున్న ఆ వంపు, ఇది నాది అని తను నలభై ఏళ్ళుగా తల ఎగరేసిన ఆ వంపు, తనది కాదు. తన సమ్మెట దెబ్బ సరిగ్గా దాని మీదనుంచే పోయింది. మేస్త్రి గోతి గట్టున కూర్చుని బావురుమని ఏడ్చాడు. ఓదార్చడానికి ఎవరూ రాలేదు, రావాలని ఆయనకీ లేదు.

పదింటికి అధికారి వచ్చేసరికి మిట్ట తుఫాను తర్వాతకంటే ఘోరంగా ఉంది. పెద్ద రాళ్ళన్నీ పడుకుని ఉన్నాయి, గోతులు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, గడ్డి మీద పరిచిన గుడ్డల మీద రాతి ముక్కలు జతలు జతలుగా ఉన్నాయి. హెడ్మాస్టరు ఎదురెళ్ళి ఏదో వివరించబోయాడు. ఆమె మేస్త్రి ఎవరని అడిగింది.

"నేనేనమ్మా. ఈ పని పాడుచేసింది నేనే. వీళ్ళెవరికీ సంబంధం లేదు," అన్నాడు మేస్త్రి. పెదవి విరవకుండా ఆయన మాట్లాడటం ఊరు వినడం అదే మొదటిసారి.

ఆమె ముక్కలన్నీ ఓపిగ్గా తిరగేసి చూసింది. మొత్తం యాభై ఏడు రాళ్ళు. ఏ కుప్ప ఏ వరసదో నసుగుడు చెప్పింది. ఏళ్ళ తరబడి రాయి ఉన్నచోట నేల కొంచెం లోతుగా, గడ్డి లేకుండా ఉంటుంది. ఆ గుంటల్లో రాయి అడుగు ఆకారం సరిపోయిందల్లా దాని చోట పెట్టుకుంటూ పోయారు. అలా కుదిరినవీ, టేపుతో కొలిచి పెట్టిన అక్కదీ కలిపి ఇరవై నాలుగు. మిగతా గుంటలని రోలరు చదును చేసేసింది. రోలరు మాస్టారిదే గాని, దాన్ని దానం చేసినవాడు ఎవరో మేస్త్రికి గుర్తుంది.

"ముప్పై మూడు మిగిలాయి," అంది అధికారి. "చోటు తెలియకుండా పటంలో వేయలేను. వీటిని ఏమని రాయమంటారు?"

"నేను పోగొట్టినవని రాయండి."

ఆమె తలెత్తి చూసింది. తర్వాత పుస్తకంలో ఏదో రాసుకుంది. పెద్ద రాళ్ళు మళ్ళీ నిలబెట్టాక ఇంకోసారి వస్తానని, మిట్ట జాబితాలోకి వెళ్తుందని, ఈ అడుగు రాతల వల్లే వెళ్తుందని చెప్పింది. అక్క రాయి పంతొమ్మిదో నంబరుగా పటంలోకి ఎక్కింది. దాని చోటు రోలరు చదును చేసినా, ఏడు టేపులూ రెండు టేపులూ అక్క మెడలో ఉన్నాయి.

సాయంత్రం మేస్త్రి అక్క గదికి వెళ్ళి మంచం పక్క నేల మీద కూర్చున్నాడు. పంతొమ్మిది అని చెప్పాడు. రాయి రెండు చెక్కలైందని, సున్నంతో అతికించి బోర్లించానని కూడా చెప్పాడు. అక్క కిటికీలోంచి బయటికే చూస్తోంది.

"ఆ పిల్ల చోటు దొరికిందా?"

"లేదక్కా. పిట్టున్న రాయికి ఏ గుంటా సరిపోలేదు. వాళ్ళమ్మని అడుగుదామంటే..."

"ఆవిడ పోయి పదేళ్ళయింది."

"నేను చెక్కిన పేరు చెరిపేస్తాను. పైన ఒక పొర లేపేస్తే..."

"ఇంకోసారి ఆ రాయి మీద ఉలి పెట్టావంటే చేతులు విరగ్గొడతాను," అంది అక్క. తన చేతులతో తను నీళ్ళ గ్లాసు కూడా ఎత్తుకోలేకపోతోంది. "నన్ను పెట్టాక దాన్ని నా తల దగ్గర పెట్టు. ఆ పిల్లకి చోటు లేకుండా చేశావు కదా, నాతో ఉంటుంది. పిట్టని పైకి పెట్టు. ఎవరైనా ఎప్పుడైనా వెతుక్కుంటూ వస్తే కనబడాలి. నువ్వు చెక్కింది కిందికి తిప్పు."

"అలాగే."

"ఎవరూ చూడరు మరి. అంత బాగా చెక్కావు."

"నువ్వు చూస్తావు కదక్కా," అన్నాడు మేస్త్రి.

అక్క మొదటిసారి తమ్ముడి వైపు తిరిగింది. మెడలోంచి టేపు తీసి ఆయన చేతిలో పెట్టింది.

వానలు వెనకబట్టాక ఆమె పోయింది. మేస్త్రి టేపుతో ఏడుసార్లు, మళ్ళీ రెండుసార్లు కొలిచి చోటు చూపించాడు. మాత్రా, హెడ్మాస్టరూ, పొరుగూరి నుంచి నడిచొచ్చిన ఆ మనిషీ తలా ఇంత మట్టి వేశారు. ఆమెని మేస్త్రి ఇప్పుడు అమ్మా అని పిలుస్తున్నాడు. రాయి పెట్టే ముందు, దాని మీద ఉలి పెట్టొద్దన్న అక్క మాట ఒక్కసారి దాటి, తను చెక్కిన పేరు కింద విరిగిన ఉలితో అక్క పేరు గీశాడు, గీత వంకరపోయినా దిద్దలేదు. ఒంటికాలి పిట్టని పైకి పెట్టి, జన్మలో తను చెక్కిన అన్నిటికంటే మంచి అక్షరాలని కిందికి తిప్పి మట్టిలోకి అదిమాడు. రాయి కొంచెం ఎడమకి ఒరిగింది. రసమట్టం సంచిలోనే ఉండిపోయింది.